నీటి నలికిరి: అపోహలు - వాస్తవాలు

సిడ్నీకి పడమరనున్న బ్లూ మౌంటెన్స్‌కు వెళ్లిన మనవాళ్లు త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాల దగ్గర ఫొటోలు దిగి తిరిగొచ్చేస్తారు. ఆ కొండల మీదే, తుంగ పెరిగిన ఊటనేలల్లో, ఇంకెక్కడా కనిపించని ఒక నలికిరి (నలికండ్ల పాము అనేదీ దీన్నే) ఉంది. పేరు బ్లూ మౌంటెన్స్ వాటర్ స్కింక్. ఆ చిత్తడి నేలల్లో సరీసృపాల సర్వే నా పని. దీని గురించి నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: నలికండ్ల పాము కరిస్తే ప్రాణం పోతుంది.

వాస్తవం: చిన్నప్పుడు మా ఊళ్లో నేనూ ఇదే విన్నాను. ఇది పాము కాదు, బల్లుల వర్గానిది. నలికిరికి విషం ఉండదు, మన దగ్గరైనా అక్కడైనా. దయచేసి కర్ర తీయకండి.

అపోహ: పేరులో వాటర్ ఉంది కాబట్టి నీళ్లలోనే బతుకుతుంది.

వాస్తవం: దీనికి కావలసింది చెరువు కాదు, ఎప్పుడూ తడిగా ఉండే నేల. జానెడు పొడవు, ముదురు ఒంటి మీద సన్నని పసుపు చారలు. ఎండ కాసే రోజుల్లో తుంగ దుబ్బుల మీదికి వచ్చి ఒళ్లు కాచుకుంటుంది, మిడతలను, ఈగలను పట్టుకు తింటుంది. అడుగు చప్పుడైతే చాలు, బురదలోని బొరియలోకి జారిపోతుంది.

అపోహ: గుడ్లు పెడుతుంది.

వాస్తవం: పెట్టదు, పిల్లల్ని కంటుంది. అదీ అక్కడి వేసవిలో, డిసెంబరు చివర్లో.

అపోహ: ఒక చోటు పాడైతే పక్క చోటికి వెళ్లిపోతుంది.

వాస్తవం: ఊటనేలకూ ఊటనేలకూ మధ్య పొడి అడవి ఉంటుంది. అది దాటడం దీనికి చాలా కష్టం. జన్యు పరీక్షల్లోనూ ఒక్కో చోటి గుంపు మిగతావాటికి దూరంగా ఉన్నట్టు తేలింది. ఒక ఊటనేల ఎండితే అక్కడి గుంపు పోయినట్టే.

అపోహ: దీనికి అసలు శత్రువు కార్చిచ్చు.

వాస్తవం: 2019-20 మంటల తర్వాత అందరూ ఇదే అడిగారు. మంట చెడ్డదే. కానీ కింద నీరుంటే కాలిన తుంగ వేళ్ల నుంచి మళ్లీ చిగురిస్తుంది. అందుకే నేను వెళ్లగానే బల్లి కోసం వెతకను. దుబ్బు పక్కన అరచేతితో నేల నొక్కి చూస్తాను. వేళ్ల సందుల్లోకి నీరు ఊరితే ఆశ ఉన్నట్టే.

ఆ నీరు పోయేది రెండు దారుల్లో. పట్టణం రోడ్ల మీద, ఇళ్ల కప్పుల మీద పడిన వాన ఒక్కసారిగా కిందికి దూకి మెత్తటి నల్లమట్టిని కోసేస్తుంది. ఆ గండి గుండా ఊటంతా దిగిపోతుంది. రెండోది ఆ కొండల్లోనే ఉన్న న్యూన్స్ పీఠభూమి కింద లాంగ్‌వాల్ పద్ధతిలో బొగ్గు తవ్వకం. సింగరేణి వాళ్లకు లాంగ్‌వాల్ అంటే చెప్పక్కర్లేదు: బొగ్గు తీసేశాక పైకప్పును కూలనిస్తారు. పైన ఇసుకరాయి పగిలితే, వేల ఏళ్లుగా నిలిచిన నీరు ఆ పగుళ్లలోకి ఇంకిపోతుంది. పగిలిన రాతిని మళ్లీ అతికించే పద్ధతి ఏదీ నేను ఇంతవరకు చూడలేదు.