ర్యాప్: అపోహలు - వాస్తవాలు

ర్యాప్ నేర్చుకోవాలనుకునే పిల్లలు ముందుగా అడిగేది "ఎంత స్పీడుగా చెప్పాలి?" అని. వాళ్ల ఇంట్లోవాళ్లు అడిగేది "బూతులు లేకుండా ఉంటుందా?" అని. ఇద్దరి మనసులోనూ ఉన్నది క్యాసెట్లు, వీడియోలు అమ్ముకోవడానికి తయారైన బొమ్మే. ఆ బొమ్మ పక్కన పెట్టి, ఈ పని ఎలా పుట్టిందో, ఎలా జరుగుతుందో చూద్దాం.

అపోహ: ర్యాప్ గ్యాంగుల గొడవల్లోంచి పుట్టింది.

వాస్తవం: బడి బట్టల ఖర్చులోంచి పుట్టింది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్ కింద ఉన్న హాలులో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ పెట్టింది. బడులు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలని ఆమె ఆశ. టికెట్టు ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్. లోకానికి అతను డీజే కూల్ హెర్క్. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి, 1967లో బ్రాంక్స్ చేరాడు. వీధిలో పెద్ద స్పీకర్లు పెట్టి, పాట మీద మైకులో మాట కలిపే అలవాటు జమైకాలో అప్పటికే ఉంది.

బ్రాంక్స్‌లో గ్యాంగులు ఉన్న మాట నిజం. ఎక్స్‌ప్రెస్ హైవే కోసం పేటల్ని మధ్యకు కోసేశారు, ఇళ్లు తగలబడ్డాయి, పనులు పోయాయి. అయితే 1971 డిసెంబరులో, రాజీ కుదర్చడానికి వెళ్లిన ఒక యువకుడు హత్యకు గురయ్యాక, గ్యాంగుల నాయకులు హో అవెన్యూలోని బాయ్స్ క్లబ్‌లో కూర్చుని సంధి చేసుకున్నారు. గొడవలన్నీ ఆగిపోలేదు గానీ, ఒక వీధి పిల్లలు ఇంకో వీధి పార్టీకి వెళ్లే వీలు చిక్కింది. ఆ వీలు లేకపోతే హెర్క్ హాలుకు అంతమంది వచ్చేవాళ్లు కాదు. అందుకే మా దృష్టిలో ర్యాప్ చరిత్ర సంధి తర్వాతి చరిత్ర.

అపోహ: ముందు ర్యాపర్, వెనక డీజే.

వాస్తవం: మొదటి ఆరేళ్లూ డీజేదే పెత్తనం. పాటలో గొంతు, మిగతా వాయిద్యాలు ఆగి డ్రమ్స్ మాత్రమే మిగిలే చోటును బ్రేక్ అంటారు. జనం విరగబడి డాన్సు చేసేది అక్కడే. కానీ అది కొన్ని సెకన్లలో అయిపోతుంది. హెర్క్ ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల (రికార్డులు తిప్పే యంత్రాల) మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయ్యేసరికి రెండోదాంట్లో మొదలుపెట్టాడు. ఇబ్బంది ఏమిటంటే, అతను సూదిని కంటి అంచనాతో దించేవాడు. దరువు తప్పేది, డాన్సర్ల అడుగు తడబడేది.

దాన్ని సరిచేసింది బ్రాంక్స్‌లోనే ఇంకో డీజే, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, బ్రేక్ మొదలయ్యే చోటు గుర్తు పెట్టుకున్నాడు. లెక్క చూడండి: 33⅓ స్పీడులో, అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరిగితే, ఒక చుట్టుకు 1.8 సెకన్లు. 100 బీపీఎంలో (నిమిషానికి 100 బీట్లు) నాలుగు బార్ల బ్రేక్, అంటే 16 బీట్లు, 9.6 సెకన్లు. అంటే అయిదు చుట్లు, మీద మూడోవంతు. ఒక రికార్డు మోగుతుండగా రెండోదాన్ని చేత్తో అన్ని చుట్లు వెనక్కి తిప్పితే గీత సరిగ్గా సూది దగ్గరికొస్తుంది. కింద ప్లాటర్ (టర్న్‌టేబుల్ పళ్లెం) తిరుగుతూ ఉండాలి, పైన రికార్డు మాత్రం చేతి మాట వినాలి. మామూలు రబ్బరు మ్యాట్ మీద అది కుదరదు, రబ్బరు పట్టేసుకుంటుంది. ఫ్లాష్ ఫెల్ట్ గుడ్డకు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, గట్టిపడ్డాక రికార్డు కింద వేశాడు. ఇప్పటి స్లిప్‌మ్యాట్‌కు తాత అదే.

మరి ర్యాపర్ ముందుకెప్పుడొచ్చాడు? 1979లో. సిల్వియా రాబిన్సన్ అనే నిర్మాత ముగ్గురు కుర్రాళ్లను చేర్చి 'ర్యాపర్స్ డిలైట్' విడుదల చేసింది. వెనక వాయించింది బ్యాండు, డీజే కాదు. రికార్డులో గొంతు అమ్ముడుపోతుంది, చేతి పనితనం కనబడదు. ర్యాప్ రూపాన్ని బజారు మలచడం అక్కడే మొదలైంది.

అపోహ: ర్యాప్ అంటే వేగంగా మాట్లాడటం. తెలుగుకు అది నప్పదు.

వాస్తవం: వేగం చివర నేర్చుకునేది. ముందు బార్ నేర్చుకోవాలి. ఒక బార్‌లో నాలుగు బీట్లు, ఒక్కో బీట్‌ను నాలుగు ముక్కలు చేస్తే 16 గళ్లు. 90 బీపీఎంలో బార్ 2.67 సెకన్లు, 16 బార్ల వెర్స్ (చరణం) సుమారు 43 సెకన్లు. తెలుగువాడికి దీని లెక్క కొత్త కాదు: లఘువు ఒక గడి, గురువు రెండు. నాలుగు చతుర్మాత్రలు (నాలుగేసి మాత్రల గణాలు) వేస్తే బార్ నిండినట్టే. ఈ రెండు పాదాలు తకధిమి వేసుకుంటూ చదవండి:

పొద్దున లేచిన బస్తీ రోడ్డున
నిద్దుర కళ్ళతొ నీళ్ళకు లైనున

మాత్రలు 16, 16. లెక్క సరిపోయింది, కానీ చివర ప్రాస నీరసం. కలిసింది 'న' ఒక్కటే, అదీ విభక్తి. తెలుగులో తున్నా-తున్నా, లో-లో, కి-కి అంటూ ప్రత్యయాలు వాటంతటవే కలిసిపోతాయి. కొత్తవాళ్ల వెర్సులు చప్పగా ఉండటానికి మొదటి కారణం అదే. ప్రాస ధాతువులోనో, నామవాచకంలోనో కలవాలి:

పొద్దున లేచిన బిందెలు రోడ్డున
నిద్దుర కళ్ళతొ నిలబడె అడ్డున

ఇప్పుడు నాలుగో బీట్ స్నేర్ (డ్రమ్స్‌లో చప్పట్లా పడే దెబ్బ) 'రో' మీద, 'అ' మీద పడుతుంది. వెంటనే 'డ్డు' వచ్చి తలుపు వేసినట్టు ఆగుతుంది. పాదం మొదట్లో పొద్దు-నిద్దు కలవడం మన పద్యాల్లోని ద్వితీయాక్షర ప్రాసే. ఒత్తక్షరం తెలుగు ర్యాప్‌కు బరువు కాదు, బలం. స్నేర్ దగ్గర దాన్ని వాడుకోవడం తెలియాలి, అంతే.

ఇందులో ఇంకో లోపముంది: ఊపిరి తీసుకునే చోటు లేదు. 16 గళ్లూ నింపుతూ పోతే నాలుగో బార్‌కు గొంతు పడిపోతుంది, పదాల చివరలు మింగేస్తారు. రెండు బార్లకోసారి ఆఖరి బీట్ ఖాళీగా వదలండి. సాధన 70 బీపీఎంలో మొదలుపెట్టి, రెండు, నాలుగు బీట్ల మీద చప్పట్లు కొడుతూ చెప్పండి. తప్పు లేకుండా మూడుసార్లు వచ్చాకే 5 పెంచండి. ట్రిప్లెట్ (బీట్‌ను మూడు ముక్కలు చేయడం) కావాలంటే తకధిమి బదులు తకిట, అంటే బార్‌కు 12 గళ్లు.

అపోహ: ఫ్రీస్టైల్ అంటే అప్పటికప్పుడు అల్లేది మాత్రమే.

ఇప్పుడు వాడుక అదే. పాతతరం వాళ్లకు మాత్రం ఫలానా అంశానికి కట్టుబడకుండా ముందే రాసుకున్న వెర్స్ కూడా ఫ్రీస్టైలే.

అపోహ: హింస, బంగారం, ఆడవాళ్లను కించపరచడం, ఇవే ర్యాప్ విలువలు.

కించపరచడం గురించిన ఫిర్యాదు చాలా పాటల విషయంలో న్యాయమైనదే. దాన్ని 'కళ' అని సమర్థించడం మాకు ఇష్టం లేదు. అయితే ఆ మాట లోపలివాళ్లే గట్టిగా అడిగారు: ర్యాపర్ క్వీన్ లతీఫా 1993లో 'యూనిటీ' పాటతో నిలదీసింది. ఆడవాళ్లు తర్వాత వచ్చి చేరినవాళ్లూ కారు. మొదటి పార్టీ పెట్టింది సిండీ, మొదటి పెద్ద హిట్ తీసింది సిల్వియా, 70ల చివర్లోనే షా-రాక్ అనే అమ్మాయి మైకు పట్టింది.

హింస విషయంలో, పాటలో 'నేను' అన్న ప్రతి మాటా వాంగ్మూలం కాదు. ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం పోలీసుల మీద పాట పాడితే, 1989లో ఎఫ్‌బీఐ అధికారి ఒకరు వాళ్ల రికార్డు కంపెనీకి అభ్యంతరం తెలుపుతూ ఉత్తరం రాశారు. ర్యాప్ సాహిత్యాన్ని కోర్టుల్లో నేరానికి సాక్ష్యంగా చూపడం మీద కాలిఫోర్నియా 2022లో చట్టంతో పరిమితులు పెట్టింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2018లో, ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌కు సంగీతంలో పులిట్జర్ బహుమతి వచ్చింది.

అపోహ: శాంప్లింగ్ (పాత రికార్డులోని ముక్కను తీసి కొత్త పాటలో వాడటం) దొంగతనం. లేదా: ఏడెనిమిది సెకన్లలోపు అయితే ఎవరూ అడగరు.

రెండూ తప్పే. 1987లో వచ్చిన ఎస్పీ-1200 అనే శాంప్లింగ్ యంత్రానికి మొత్తం జ్ఞాపకశక్తి 10 సెకన్లు. అందుకే 33⅓ రికార్డును 45 స్పీడులో తిప్పి ఎక్కించుకుని, లోపల మళ్లీ నిదానం చేసేవాళ్లు. పదమూడున్నర సెకన్ల సరుకు పట్టేది. ఆ క్రమంలో వచ్చిన గరుకుదనాన్నే ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు పెట్టి కొని తెచ్చుకుంటున్నాం. ఇంత ఆలోచన ఉన్న పనిని దొంగతనం అనలేం. అలాగని అన్యాయం జరగలేదనీ అనలేం. 1969లో గ్రెగరీ కోల్‌మన్ డ్రమ్స్ మీద వాయించిన 'ఆమెన్ బ్రేక్' వేల పాటల్లో మోగింది, అతనికి రాయల్టీ రాలేదు.

1991లో ర్యాపర్ బిజ్ మార్కీ మీద పడిన శాంప్లింగ్ కేసు తీర్పుతో అమెరికాలో అనుమతి లేని శాంప్లింగ్‌కు గట్టి దెబ్బ తగిలింది. మన చట్టంలోనూ 'ఇన్ని సెకన్లు ఫ్రీ' అన్న నియమం ఎక్కడా లేదు. పాత తెలుగు పాట ముక్క వాడాలంటే సౌండ్ రికార్డింగ్, బాణీ, సాహిత్యం వేర్వేరు హక్కులు. ఆడియో కంపెనీ ఒప్పుకుంది కదా అని ఆగకండి, మిగతా రెండూ ఎవరి దగ్గరున్నాయో రాతపూర్వకంగా తేల్చుకోండి. రికార్డింగ్‌కు అనుమతి రాకపోతే అదే ముక్కను మీరే మళ్లీ వాయించుకోవచ్చు, కానీ బాణీ హక్కు అలాగే ఉంటుంది. 'ర్యాపర్స్ డిలైట్' బ్యాండు వాయించింది షిక్ అనే బృందం వాళ్ల 'గుడ్ టైమ్స్' బాణీని. దాన్ని రాసిన నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పట్టుబట్టాక రచయితలుగా వాళ్ల పేర్లు వేయాల్సి వచ్చింది.