నిప్పు చూడని ఇటుక

ఇటుక అనగానే బట్టీ గుర్తుకొస్తుంది. మట్టిని అచ్చు పోసి, ఆరబెట్టి, సుమారు 1000 డిగ్రీల వేడిలో కాలిస్తే ఎర్ర ఇటుక. ఇంటి ముఖభాగంలో పైపూతా రంగూ లేకుండా తెల్లగా కనిపించే ఇసుక సున్నపు ఇటుక మాత్రం బట్టీ ముఖం చూడదు. అది ఆవిరిలో ఉడుకుతుంది. దాని మంచి గుణాలకూ, దాని మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

ఎండు బరువులో నూటికి 90 పాళ్లకు పైగా ఇసుక, మిగిలింది సున్నం. కాల్చిన సున్నాన్ని ఇసుకలో కలిపి నీళ్లు చేరిస్తే అది కుతకుతలాడి పొడిగా విరిగిపోతుంది. ఈ దశ పూర్తిగా ముగియాలి. విరగని సున్నపు పలుకు ఒక్కటి మిగిలినా తర్వాత ఉబ్బి ఇటుక పెచ్చు లేపుతుంది. ఆ మిశ్రమాన్ని భారీ ప్రెస్సులో గట్టిగా నొక్కి, ఆటోక్లేవ్ అనే ఉక్కు గొట్టంలోకి పంపుతారు. ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స పరికరాలను శుద్ధిచేసే యంత్రం పేరూ అదే. ఇది మాత్రం ట్రాలీల కొద్దీ ఇటుకలు పట్టేంత పెద్దది.

లోపల 200 డిగ్రీల దగ్గర ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి 15 రెట్లు ఉంటుంది. ఆ పీడనం వల్ల ఇటుక రంధ్రాల్లోని తేమ ఎగిరిపోకుండా నీరుగానే నిలుస్తుంది. మామూలు వేడిలో సున్నాన్ని అసలు పట్టించుకోని క్వార్ట్జ్ ఇసుక, సున్నపు నీటిలో ఈ వేడికి పైపైన కరగడం మొదలుపెడుతుంది. ఇసుక నుంచి అలా కరిగిన సిలికా, సున్నంలోని కాల్షియంతో కలిసి సన్నని స్ఫటికాలుగా రేణువుల మధ్య పేరుకుంటుంది. అంటే ఇసుక తన పై పొరనే జిగురుగా మార్చుకుంటోందన్న మాట. ఆ స్ఫటికాల్లో ఒకదాని పేరు టోబర్మోరైట్. స్కాట్లాండ్‌లోని టోబర్మోరీ ఊరి దగ్గర ఇదే ఖనిజం సహజంగా దొరికింది. అధిక పీడన ఆవిరితో ఇసుక, సున్నాలను గట్టిపరిచే పద్ధతికి జర్మనీలో విల్హెల్మ్ మిఖాయెలిస్ 1880లో పేటెంట్ పొందాడు. ప్రకృతి నెమ్మదిగా చేసే పనిని ఈ పద్ధతి కొన్ని గంటల్లో ముగిస్తుంది.

బట్టీలో మట్టి ఇటుక కుంచించుకుంటుంది, ఒక్కోసారి వంకరపోతుంది. ఆవిరిలో ఉడికిన దానికి ఆ బాధ లేదు. కొలతలు కచ్చితంగా, అంచులు పదునుగా వస్తాయి. అందంగానే ఉంటుంది కానీ, వరుస కాస్త తప్పితే మేస్త్రీ పొరపాటు వీధికంతా కనిపిస్తుంది. తెలుపు పూసింది కాదు. లోపలిదాకా అదే రంగు కాబట్టి అంచు విరిగినా వేరే రంగు బయటపడదు.

అసలు చిక్కు గోడ కట్టేటప్పుడు మొదలవుతుంది. బట్టీ నుంచి వచ్చే ఎర్ర ఇటుకలో తేమ ఉండదు. గాలిలోని తేమను పీల్చుకుంటూ అది ఏళ్ల తరబడి అతి స్వల్పంగా వ్యాకోచిస్తుంది. తెల్ల ఇటుక ఆటోక్లేవ్ నుంచి తడిగా వస్తుంది, ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. రెండూ ఇటుకలే, నడక మాత్రం ఎదురెదురు. ఎర్ర ఇటుకకు అలవాటైన చేతులు దీన్నీ నీళ్లలో నానబెడతాయి. గోడలో చేరాక అంత నీరూ ఆరాలి, అంతకంత కుంచించుకోవాలి. పగుళ్లు కిటికీ మూలల దగ్గర మొదలవుతాయి. అందుకే ఎర్ర ఇటుక గోడకు సుమారు 12 మీటర్లకు ఒక కదలిక సందు (గోడ వ్యాకోచించడానికీ కుంచించుకోవడానికీ వదిలే ఖాళీ) చాలనుకుంటే, దీనికి 7.5 నుంచి 9 మీటర్లకే ఒకటి వదలమంటారు. సిమెంటు ఎక్కువ వేసిన మాలు కూడా దీనికి మేలు చేయదు. సున్నం కలిపిన మెత్తని మాలు ఉంటే ఆ కదలిక అతుకుల్లో సన్నగా సర్దుకుంటుంది. మాలు మరీ గట్టిదైతే ఇటుకే చీలుతుంది. ‘గట్టిగా కట్టాం’ అని గర్వపడే చోటే గోడ పగలడం నాకు విచిత్రంగా తోస్తుంది.

ఇంకో అలవాటు ఆమ్లం. ఎర్ర ఇటుక మీద మాలు మరకలను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడుగుతారు. తెల్ల ఇటుకను పట్టి ఉంచే జిగురే ఆ ఆమ్లానికి కరుగుతుంది. మరకతో పాటు ఇటుక ముఖం కూడా పోయి గరుకు ఇసుక తేలుతుంది. మరకలు పడకుండా చూసుకోవడమే ఇక్కడ తెలివైన పని.

వాన నీటిని కూడా ఇది బాగానే పీల్చుకుంటుంది, తడిస్తే బూడిద రంగుకు తిరుగుతుంది. కిటికీ కింది పలక గోడకు ముందుకు వచ్చి నీటిని దూరంగా జార్చకపోతే, తెల్లదనం మీద నల్లని చారికలు, నాచు పడతాయి. నేల తేమ, లవణాలు తగిలే పునాది వరుసలకు, మంట తగిలే పొయ్యి గోడలకు దీన్ని వాడకపోవడమే మంచిది. నీరు పట్టకుండా ఏదైనా పూయాలనుకుంటే, లోపలి ఆవిరిని బయటికి వదిలే సిలేన్ తరహా ద్రవం మేలు. రంధ్రాలు మూసేసే రంగు వేస్తే తేమ లోపలే చిక్కి, పెచ్చులతో బయటపడుతుంది.

చివరికి ఒక సవరణ చెప్పాలి. శీర్షికలో నేను చేసింది సగం మోసం. ఇటుక నిప్పు చూడలేదు కానీ దానిలోని సున్నం చూసింది. సున్నపురాయిని 900 డిగ్రీలకు పైగా కాల్చి, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేస్తేనే సున్నం వస్తుంది. ఆ వాయువులో కొంత భాగాన్ని గోడ దశాబ్దాల పాటు గాలి నుంచి మళ్లీ లాక్కుంటుంది. ఇసుక రేణువుల మధ్య కాల్షియం కొంత తిరిగి సున్నపురాయి పదార్థంగా మారుతూ ఉంటుంది.