జిమ్ లార్కిన్: అపోహలు - వాస్తవాలు

యూనియన్ శిక్షణ తరగతుల్లో కార్మికోద్యమ చరిత్ర చెప్పడం నా పని. ఐర్లండ్ నాయకుడు జిమ్ లార్కిన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా కొన్ని పొరపాటు మాటలు మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి.

అపోహ: 1913లో డబ్లిన్‌లో నెలల తరబడి సాగింది లార్కిన్ నడిపిన సమ్మె.

వాస్తవం: మొదలైంది సమ్మెగానే. తన సంస్థల్లో లార్కిన్ సంఘం (ఐరిష్ ట్రాన్స్‌పోర్ట్ అండ్ జనరల్ వర్కర్స్ యూనియన్) వాళ్ళను ఏరి ఏరి తీసేస్తున్నాడు ట్రామ్ కంపెనీ అధిపతి విలియం మార్టిన్ మర్ఫీ. ఆగస్టు 26న, నగరం గుర్రాల ప్రదర్శన సందడిలో ఉండగా, ట్రామ్ కార్మికులు బళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి దిగిపోయారు. ఆ తర్వాత నడిచింది లాకౌట్, అంటే యజమానులే కార్మికులను పనిలోకి రానివ్వకపోవడం. దాదాపు 400 మంది యజమానులు ఒక్కటై కార్మికుల ముందు ఒక కాగితం పెట్టారు: లార్కిన్ సంఘంలో ఉంటే మానేస్తాం, లేకుంటే చేరబోం అని సంతకం చెయ్యాలి. చెయ్యనివాళ్ళకు పని లేదు.

తరగతిలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. భవన నిర్మాణ కూలీలకు తమ సంఘం వేరే ఉంది. లార్కిన్ సంఘంతో వాళ్ళకు పనే లేదు. అయినా సంతకం పెట్టలేదు. అలా మొత్తం 20 వేల మంది దాకా గేటు బయట నిలబడ్డారు. సమ్మె అయితే కార్మికులే విరమించుకోవచ్చు. లాకౌట్ ఎత్తేయాల్సింది యజమాని. ఈ తేడా పట్టించుకోకుండా, లార్కిన్ మొండితనం వల్లే పిల్లలు పస్తులున్నారని తేల్చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అపోహ: 1913 లాకౌట్‌లో ఓటమితో లార్కిన్ సంఘం పని అయిపోయింది.

వాస్తవం: ఓడిపోయిన మాట నిజమే. బ్రిటన్ సంఘాలు సెప్టెంబరులోనే ఓడలో ఆహారం పంపాయి. కానీ డబ్లిన్‌కు మద్దతుగా తామూ సమ్మె చేయడానికి డిసెంబరులో ఒప్పుకోలేదు. నిధులు అడుగంటాయి. 1914 మొదట్లో కార్మికులు పనిలోకి వెళ్ళారు, చాలామంది ఆ కాగితం మీద సంతకం పెట్టి మరీ. అయినా 1920 నాటికి సంఘం సభ్యత్వం లక్ష దాటింది. అప్పటికి లార్కిన్ ఐర్లండ్‌లోనే లేడు. కట్టి నిలబెట్టింది విలియం ఓబ్రయన్ లాంటి ఆఫీసు మనుషులు. వాళ్ళ కష్టం గురించి మనం తక్కువ చెప్పుకుంటాం.

అపోహ: బ్రిటిష్ పాలన మీద 1916లో డబ్లిన్‌లో జరిగిన తిరుగుబాటులో లార్కిన్ పోరాడాడు.

వాస్తవం: లేదు. 1914 చివరి నుంచి 1923 వరకు ఆయన అమెరికాలో ఉన్నాడు, అందులో కొంతకాలం న్యూయార్క్ జైళ్ళలో. తిరుగుబాటులో పోరాడి ప్రాణమిచ్చింది ఆయన సంఘంలో సహచరుడు జేమ్స్ కానలీ.

అపోహ: ఎన్నికల రాజకీయాలు ఆయనకు గిట్టవు.

వాస్తవం: 1912లో లేబర్ పార్టీకి పునాది వేసినవాళ్ళలో ఆయనొకడు. 1927లో పార్లమెంటుకు గెలిచినా, కోర్టు విధించిన పరువునష్టం సొమ్ము కట్టక దివాలాదారుగా ఉన్నందున సీటు దక్కలేదు. 1937లో, మళ్ళీ 1943లో గెలిచి సభలో కూర్చున్నాడు.

అపోహ: ఆయన కార్మికులందర్నీ ఒక్కటి చేశాడు.

వాస్తవం: 1907లో బెల్‌ఫాస్ట్ రేవులో ప్రొటెస్టెంట్, కాథలిక్ కూలీలను ఒకే సమ్మెలో నిలబెట్టిన మనిషే, అమెరికా నుంచి వచ్చాక ఓబ్రయన్‌తో తగవు తెంచుకోలేకపోయాడు. 1924లో సొంత సంఘమే బహిష్కరించింది. ఆయన తమ్ముడు పీటర్ పోటీ సంఘం పెట్టాడు, ఇక అదే లార్కిన్ కొత్త సంఘమైంది. 1944లో ఆ తగవుతోనే పాత సంఘం లేబర్ పార్టీ నుంచే బయటికి నడిచింది, పార్టీ చీలింది. 1947లో లార్కిన్ చనిపోయాడు. ఆ రెండు సంఘాలు కలిసింది మాత్రం 1990లో.