గేరుబాక్సు ఎంపిక: అసలు పరీక్ష ఆరు కిలోమీటర్ల వేగం లోపే

విజయవాడ ఆటోనగర్‌లో మా పాత కారు గేరుబాక్సు దించిన రోజు మెకానిక్ ఇంజన్‌నూ గేరుబాక్సునూ కలిపే క్లచ్ ప్లేటు బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. టిఫిన్ ప్లేటంత ఉంది. చుట్టూ ఉండాల్సిన లైనింగ్ అరిగిపోయి రివెట్లు తేలాయి. అది ఆనుకుని తిరిగే ఫ్లైవీల్ అనే ఇంజన్ చక్రం మీద అక్కడక్కడా నీలం మచ్చలు. ఇనుము బాగా కాలితే వచ్చే రంగు అది. "హాఫ్ క్లచ్‌లో ఎక్కువ నడిపారు సార్, అందుకే ఇలా" అన్నాడు. హాఫ్ క్లచ్ అంటే పెడల్ సగమే వదిలి, ప్లేటు సగం పట్టుకుని సగం జారుతుండగా నడపడం.

బండి నడిపింది మా నాన్నగారు. పోరంకి నుంచి బెంజ్ సర్కిల్ మీదుగా గవర్నర్‌పేట దాకా, రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయన డ్రైవింగ్‌లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ రోడ్డు మీద ఆ టైములో ఎవరు నడిపినా ఆ ప్లేటు అలాగే కాలుతుంది. ఎందుకు కాలుతుందో తెలిస్తే కొత్త కారు కొనేటప్పుడు మాన్యువలా, ఆటోమేటికా అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

కారు ఇంజన్‌కు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. అది సున్నా నుంచి పనిచేయలేదు. నిమిషానికి దాదాపు 800 సార్లయినా తిరుగుతూ ఉండాలి, అంతకంటే బాగా తగ్గితే ఆగిపోతుంది. చక్రమేమో సున్నా దగ్గర మొదలు కావాలి. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. చిన్న కార్లలో ఫస్ట్ గేరులో ఉన్నప్పుడు చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజన్ సుమారు 15 చుట్లు తిరుగుతుంది. అంటే 800 చుట్లకు చక్రం 53 చుట్లు. టైరు చుట్టుకొలత 1.9 మీటర్లు అనుకుంటే బండి నిమిషానికి వంద మీటర్లు పోతుంది. గంటకు ఆరు కిలోమీటర్లు.

మనిషి చురుగ్గా నడిచే వేగం అది. క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసి, ఫస్ట్ గేరులో, యాక్సిలరేటర్ తొక్కకుండా వెళ్తే బండి ఆ వేగంతో పోతుంది. అంతకన్నా నెమ్మదిగా పోవాలంటే ఇంజన్‌కూ చక్రాలకూ మధ్య ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి జారాలి. ఇంజన్ వేగంగా, చక్రం నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ తేడాను ఎవరో ఒకరు భరించాలి. సాయంత్రం ఆరున్నరకి బెంజ్ సర్కిల్ దగ్గరైనా, హైదరాబాద్ పంజాగుట్టలోనైనా మన బండ్లు చాలాసేపు ఈ ఆరు కిలోమీటర్ల లోపే ఉంటాయి.

ఆ తేడాను మీ కారులో ఎవరు భరిస్తున్నారు? గేరుబాక్సుల రకాలన్నిటినీ ఈ ఒక్క ప్రశ్నతో వేరుచేసి చూడొచ్చు.

మాన్యువల్‌లో భరించేది ఆ టిఫిన్ ప్లేటు, దాన్ని అదుపు చేసే మీ ఎడమ కాలు. సమంగా ఉన్న రోడ్డు మీద బండి కదిలించిన ప్రతిసారీ ప్లేటు ఒకటి రెండు సెకన్లు జారుతుంది, కాస్త వేడెక్కుతుంది, చల్లారుతుంది. దానికి అది అలవాటుపడ్డదే. కష్టం ఎత్తు మీద వస్తుంది. షాపింగ్ మాల్ సెల్లార్ నుంచి పైకి వచ్చే ర్యాంపు ఊహించుకోండి. పది మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేచే వాలు. ముందు నాలుగు కార్లు ఆగాయి. చాలామంది హ్యాండ్‌బ్రేకు వేయరు, హాఫ్ క్లచ్ మీదే బండిని గాల్లో నిలబెట్టినట్టు పట్టుకుంటారు. మనుషులతో కలిపి 1,200 కిలోల కారు, ఇంజన్ 1,200 చుట్ల దగ్గర ఉందనుకుని లెక్క వేస్తే ఆ ప్లేటులో పుట్టే వేడి దాదాపు మూడు కిలోవాట్ల దాకా వస్తుంది. బాత్రూమ్ గీజర్ సాధారణంగా 2 కిలోవాట్లది. అంటే గీజర్ కన్నా ఎక్కువ వేడి, నీళ్లు లేకుండా, అరచేతి మందం కూడా లేని ఒక పొడి బిళ్ల మీద. కాలిన వాసన రావడంలో వింతేముంది?

కాబట్టి మాన్యువల్ నడిపేవాళ్లకు చేతులు పట్టుకుని చెప్పాలనిపించే మాట ఒక్కటే: ఎత్తు మీద ఆగితే హ్యాండ్‌బ్రేకు వేయండి. క్లచ్ బండిని కదిలించడానికి ఉంది, ఆపి ఉంచడానికి కాదు.

ఈ జారుడు పనిని ఇనుము మీద నుంచి నూనె మీదికి మార్చిన ఆలోచన ఓడల దగ్గర పుట్టింది. ఆవిరి టర్బైన్ చాలా వేగంగా తిరుగుతుంది, ఓడ ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగాలి. ఈ రెండింటినీ కలపడానికి జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పళ్ల చక్రాలకు బదులు మధ్యలో ద్రవాన్ని పెట్టాడు. మన ఇళ్లలో మజ్జిగ చిలికినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కవ్వం కుండకు తగలదు, అయినా చిలుకుతుంటే కుండ తిరగబోతుంది, రెండో మనిషి పట్టుకోవాలి. కవ్వం తిప్పుడు మజ్జిగలోంచి కుండకు చేరుతోందన్నమాట. కవ్వం స్థానంలో ఇంజన్ తిప్పే రెక్కలు, కుండ స్థానంలో గేరుబాక్సును తిప్పే రెక్కలు, మజ్జిగ బదులు ఆయిల్ పెట్టుకోండి. కుండను పట్టుకుని ఆపినా కవ్వం తిరగడం ఆగదు, అలాగే బ్రేకు తొక్కి చక్రాలు ఆపినా ఇంజన్ ఆగదు. ఫోటింగర్ ఇంకో మెట్టు ఎక్కాడు. తిరిగొచ్చే ద్రవాన్ని మధ్యలో కదలని రెక్కల మీదుగా మళ్లిస్తే తిప్పే బలం పెరుగుతుంది. కార్లలో బండి కదిలే క్షణాన అది దాదాపు రెట్టింపు అవుతుంది. దాన్నే టార్క్ కన్వర్టర్ అంటారు.

మధ్యలో ద్రవం పెట్టే ఈ పద్ధతి కార్లలోకి మెల్లగా వచ్చింది. 1928లో కాడిలాక్ కార్లకు, గేర్ల వేగాలను తానే కలిపే సింక్రోమెష్ వచ్చేదాకా గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, వేగాలు చెవితో కలుపుకోవాల్సి వచ్చేది. ఆ సింక్రోమెష్ రూపొందించిన అర్ల్ థాంప్సనే తరవాత జనరల్ మోటార్స్‌లో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు తయారుచేసిన బృందాన్ని నడిపించాడు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చిన ఆ గేరుబాక్సుకు క్లచ్ పెడలే లేదు. మాన్యువల్‌ను సులువు చేసిన మనిషి, దాని అవసరమే లేకుండా చేయడంలోనూ ముందు నిలబడ్డాడు. నాకు ఈ విషయం తెలిసినప్పటి నుంచి మాన్యువల్‌దీ ఆటోమేటిక్‌దీ శత్రుత్వం అనిపించడం మానేసింది.

టార్క్ కన్వర్టర్‌లోనూ వేడి పుడుతుంది, కానీ అది ఆయిల్‌లో పుడుతుంది. ఆయిల్ తిరుగుతూ కూలర్‌లోకి వెళ్లి చల్లారి వస్తుంది. అరగంట ట్రాఫిక్‌లో పాకినా అరిగే బిళ్ల లేదు. పాత రోజుల్లో ఈ జారుడు వల్లే మైలేజీ పడిపోయేది. ఇప్పుడు వేగం అందుకోగానే లోపల ఒక క్లచ్ లాక్ అయి, రెండు వైపులనూ ఒకటి చేసేస్తుంది. "ఆటోమేటిక్ అంటే పెట్రోలు తాగుతుంది" అన్న మాటకు ఒకప్పటి బలం ఇప్పుడు లేదు.

మనలో చాలామందికి తెలియకుండానే ఇంకో రకం ఆటోమేటిక్ దశాబ్దాలుగా మన ఇళ్లలో ఉంది. 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పుడు గేరు లేని స్కూటర్ అని వింతగా చెప్పుకున్నారు. అందులో ఉన్నది సీవీటీ. రెండు కప్పీలు, మధ్యలో బెల్టు. కప్పీల పలకలు దగ్గరికీ దూరానికీ జరుగుతుంటే బెల్టు తిరిగే వ్యాసం మారుతుంది, గేరు మెట్లు లేకుండా మారిపోతుంది. ఈ రోజు వీధిలో తిరిగే పెట్రోలు గేర్‌లెస్ స్కూటర్లదీ ఇదే సూత్రం. 1958లో నెదర్లాండ్స్‌లో డాఫ్ కంపెనీ దీన్ని కారులో పెట్టింది. ఇప్పటి కార్లలో రబ్బరు బెల్టు స్థానంలో ఉక్కు బెల్టు ఉంటుంది, బండి కదిలించే పని చాలా మోడళ్లలో టార్క్ కన్వర్టరే చూసుకుంటుంది. అందుకే సిటీలో సీవీటీ అంత మెత్తగా ఉంటుంది. గట్టిగా తొక్కితే మాత్రం ముందు ఇంజన్ మోత పెరుగుతుంది, వేగం కాస్త వెనకాల వస్తుంది. హైవే మీద లారీని దాటేటప్పుడు కొత్తవాళ్లకు ఇది టెన్షన్ పెడుతుంది.

ఇక ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో ఇది మధ్యతరగతి ఇంటికి వచ్చింది, మాన్యువల్‌తో సమానంగా లీటరుకు 23.1 కిలోమీటర్ల అధికారిక మైలేజీతో. ఆటోమేటిక్ కారు అంటే డబ్బున్నవాళ్లదే అన్న భావన పోగొట్టిన కారు అది, ఆ గౌరవం దానికి ఇవ్వాలి. కానీ లోపల ఏముందో తెలుసుకుని కొనాలి. అందులో ఉన్నది అదే మాన్యువల్ గేరుబాక్సు, అదే టిఫిన్ ప్లేటు. ఎడమ కాలు పనినీ, గేరు మార్చే చెయ్యి పనినీ ఒక యంత్రం చేస్తుంది, అంతే. మీ మోకాలికి విశ్రాంతి దొరుకుతుంది, ప్లేటుకు దొరకదు. ర్యాంపు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే ఏఎంటీ ప్లేటు కూడా మాన్యువల్‌లాగే కాలుతుంది. పైగా క్లచ్ మీ కాలి కింద లేదు కాబట్టి, అది జారుతోందన్న సంగతి మీకు తెలియదు. గేరు మారే క్షణం ఇంజన్ బలం తెగి మళ్లీ అందుకుంటుంది, అప్పుడు తల ముందుకూగుతుంది. గేరు మారబోతోందని అనిపించినప్పుడు యాక్సిలరేటర్ కొంచెం వదిలితే ఆ ఊపు చాలావరకు పోతుంది. వారం రోజుల్లో అలవాటవుతుంది.

డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి, బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి. ఒకటి వదిలేలోపు రెండోది పట్టుకుంటుంది కాబట్టి హైవే మీద గేరు మారిందని కూడా తెలియదు. 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32తో మామూలు కార్లలోకి వచ్చింది. నడపడానికి నాకు అన్నిటికన్నా ఇష్టం. అయితే ఆరు కిలోమీటర్ల లోపు ప్రశ్న దీన్నీ వదలదు. క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండే రకమా, పొడి రకమా అని షోరూమ్‌లో తప్పకుండా అడగండి. పొడి రకమైతే ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించకుండా, ముందు కాస్త ఖాళీ వచ్చేదాకా బ్రేకు మీద ఆగి అప్పుడు కదలడం మంచిది.

ఎత్తు ఎక్కడం గురించే మాట్లాడుకున్నాం, దిగడం అంతకంటే ముఖ్యం. తిరుమల నుంచి అలిపిరికి కారు దాదాపు 700 మీటర్లు కిందికి దిగుతుంది. 1,200 కిలోల బండి ఆ దిగుడులో వదిలే శక్తితో పాతిక లీటర్ల నీళ్లు మరిగించొచ్చు. అదంతా బ్రేకుల మీదే పడితే అవి కాలి పట్టు తప్పుతాయి. అందుకే ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేరులో ఉంచి, ఇంజన్ చేతే బండిని పట్టించమంటారు. మాన్యువల్ వాళ్లకు ఇది అలవాటే. ఆటోమేటిక్ వాళ్లు చాలామంది డీలో, అంటే డ్రైవ్‌లో పెట్టి బ్రేకు తొక్కుతూ దిగుతారు, గేరుబాక్సేమో మైలేజీ కోసం పై గేరుకు పోతూ ఉంటుంది. గేరు లివర్ దగ్గర ఎల్, ఎస్, ఎమ్ అని ఉండే స్థానాలు ఇలాంటి చోట్లకే ఉన్నాయి. మీ కారులో ఏ అక్షరం ఉందో కొండ ఎక్కకముందే తెలుసుకోండి. ఇంకో ప్రమాదకరమైన అలవాటు, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం. నేటి కార్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే, దిగుడులో ఇంజన్‌కు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా పెట్రోలు పోస్తూనే ఉండాలి. మిగలకపోగా ఖర్చవుతుంది, బ్రేకులూ కాలతాయి.

ఎలక్ట్రిక్ కారుకు ఈ గొడవే లేదు. మోటారు సున్నా చుట్ల దగ్గరే పూర్తి బలం ఇస్తుంది, కాబట్టి జారాల్సింది ఏదీ లేదు. ఘాట్ దిగుతుంటే ఆ శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఎక్కువగా హైవేలూ ఊరి రోడ్లూ తిరిగేవాళ్లకు మాన్యువల్ ఇప్పటికీ చక్కని ఎంపిక. ధర తక్కువ, ఏ ఊళ్లోనైనా బాగుచేసేవాళ్లుంటారు. రోజూ గంటకు పైగా సిటీ ట్రాఫిక్‌లో ఉండేవాళ్లు డబ్బు సర్దుకోగలిగితే టార్క్ కన్వర్టరో సీవీటీయో తీసుకోవాలి. బడ్జెట్ అంతవరకు రాకపోతే ఏఎంటీ, ర్యాంపుల దగ్గర బ్రేకు వాడే అలవాటుతో. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు "మాన్యువల్ నడిపితేనే డ్రైవింగ్" అనే మాటలు పట్టించుకోనక్కర్లేదు. మన దేశంలో కారు లైసెన్సు రెండింటికీ ఒకటే. బ్రిటన్ వెళ్లే మన పిల్లలు మాత్రం గుర్తుంచుకోవాలి, అక్కడ ఆటోమేటిక్ మీద టెస్టు పాసైతే మాన్యువల్ నడపడానికి లైసెన్సు చెల్లదు.

షోరూమ్ వాళ్లు టెస్ట్ డ్రైవ్‌కు పొద్దున పదకొండుకి ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్తామంటే మేం వద్దన్నాం. సాయంత్రం ఆరింటికి రమ్మని, మా చుట్టాల అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి బండి దింపించాం. నాన్నగారి ఎడమ కాలు లేని క్లచ్ కోసం వెతుక్కుని బ్రేకు మీద పడింది, బండి ఒక్కసారిగా ఆగింది. "ఆ కాలు వెనక్కి, సీటు కిందికి పెట్టేయండి నాన్నా" అన్నాను. మాన్యువల్ నుంచి మారిన ప్రతి ఒక్కరూ మొదటి వారం ఇలాగే చేయాలి. ఆయన కాలు వెనక్కి లాక్కుని, ర్యాంపు సగంలో బండి ఆపారు. బ్రేకు వదిలారు. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా ఆపే హిల్ హోల్డ్ ఒక క్షణం పట్టుకుంది, ఆయన యాక్సిలరేటర్ మీద పాదం ఆనించగానే కారు వెనక్కి వెంట్రుకవాసి కూడా జారకుండా పైకి కదిలింది. పైకొచ్చాక ఆయన ఏమీ అనలేదు. బండి తిప్పి మళ్లీ కిందికి దింపి, ఇంకోసారి ఎక్కించారు.