ఎస్కేప్ రూమ్ పెట్టాలనుకుంటున్నారా? ముందు ఈ అపోహలు వదలండి

గచ్చిబౌలి దగ్గర రెండు గదులతో ఎస్కేప్ రూమ్ నడుపుతున్నాను. బ్యాచ్‌గా గదిలోకి వెళ్లి, క్లూలు వెతికి, చిక్కుముళ్లు విప్పి, గంటలోగా తలుపు తెరుచుకుని బయటపడే ఆట ఇది. "మేమూ ఒకటి పెడదామనుకుంటున్నాం అన్నా" అంటూ వచ్చేవాళ్ల నోట తరచూ ఇవే మాటలు.

అపోహ: ఒకసారి సెట్ వేస్తే చాలు, ఇక కూర్చుని తినొచ్చు.

వాస్తవం: నచ్చిన సినిమా మళ్లీ చూస్తారు. గుట్టు తెలిసిపోయిన గదికి మళ్లీ ఎవరొస్తారు? అందుకే మొదటి నెల నుంచే కొత్త గదికి డబ్బు పక్కన పెట్టాలి. పైగా అరుగుదల. మేం మొదట్లో ఒక అంకెల కీప్యాడ్ పెట్టాం. మూడు నెలలకే దాని మీద నాలుగు మీటలు అరిగి మెరుస్తున్నాయి. ఓ కాలేజీ బ్యాచ్ క్లూల జోలికే పోకుండా ఆ నాలుగే మార్చి మార్చి నొక్కింది. ఎలా మార్చినా ఉన్నవి 24 వరసలే. ఐదు నిమిషాల్లో తలుపు తెరుచుకుంది. గంట ఆటకని డబ్బు కట్టిన ఆ పిల్లల ముఖాలు ఎంత చిన్నబోయాయో! ఇప్పుడు ప్రతి నెలా కోడ్, దాని క్లూ రెండూ మారుస్తాం.

అపోహ: గంట ఆటే కదా, రోజుకి పది బ్యాచ్‌లు లాగొచ్చు.

వాస్తవం: ఆట 60 నిమిషాలే. రూల్స్ చెప్పడానికి, ఫొటోలకి, ప్రతి వస్తువూ మళ్లీ దాని చోట పెట్టడానికి ఇంకో అరగంట. ఉదయం 11 నుంచి రాత్రి 9:30 దాకా తెరిచినా గదికి ఏడు స్లాట్లే. అవి నిండేది శని, ఆదివారాలు. మంగళవారం మధ్యాహ్నం గది ఖాళీగా ఉందని ఓనర్ అద్దె తగ్గించడు. మమ్మల్ని నిలబెట్టింది ఐటీ కంపెనీల టీమ్ ఔటింగ్‌లు. సగం స్లాట్లు ఖాళీ అనుకుని లెక్క వేయండి. అప్పటికీ అద్దె, జీతాలు గిట్టుబాటైతేనే అడ్వాన్స్ ఇవ్వండి.

అపోహ: ఎంత కష్టమైతే అంత కిక్.

వాస్తవం: బయటపడినవాళ్లే పదిమందికి చెబుతారు. సరైన క్షణంలో చిన్న హింట్ ఇచ్చే గేమ్ మాస్టర్ దొరికితే జీతం దగ్గర బేరమాడకండి.

అపోహ: తలుపుకి నిజంగా తాళం వేస్తేనే థ్రిల్.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపమొస్తుంది. 2019 జనవరిలో పోలండ్‌లోని కొషాలిన్‌లో ఒక ఎస్కేప్ రూమ్‌లో మంటలు లేచి, పుట్టినరోజు చేసుకోవడానికి వచ్చిన ఐదుగురు అమ్మాయిలు చనిపోయారు. అందరికీ 15 ఏళ్లే. మా తలుపులకున్నవి కరెంటు పోగానే వాటంతటవే వదిలేసే మాగ్నెటిక్ లాక్‌లు. పక్కనే ఎర్ర బటన్. ప్రతి బ్యాచ్ చేతా ముందు ఆ బటన్ నొక్కిస్తాం. తలుపు తెరుచుకోవడం వాళ్లు కళ్లారా చూశాకే టైమర్ మొదలుపెడతాం.