మిల్లీఓమ్‌ల కొలత: నాలుగు తీగల ప్రోబుల మీద అపోహలు, వాస్తవాలు

అనంతపురం, కళ్యాణదుర్గం, గుంతకల్లు వైపు రీవైండింగ్ షాపుల్లో రోజూ చేతికొచ్చేవి బోరు మోటారు వైండింగులు (లోపలి తీగ చుట్లు), స్టార్టర్ కాంటాక్టులు, లగ్గులు (కేబుల్ చివర బిగించే లోహపు కొనలు), కేబుల్ జాయింట్లు. వైండింగ్ రెసిస్టెన్స్ కొన్ని ఓమ్‌లు ఉంటుంది, తక్కినవి మిల్లీఓమ్‌లు (ఓమ్‌లో వెయ్యో వంతు), అంతకన్నా తక్కువే. మామూలు మల్టీమీటర్ 200 ఓమ్‌ల రేంజిలో చూపే కనీస అంకె 0.1 ఓమ్, అంటే 100 మిల్లీఓమ్‌లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఒక మీటరుకు సుమారు 7 మిల్లీఓమ్‌లే. అందుకే ఇలాంటి వాటికి నాలుగు తీగల పద్ధతి కావాలి.

అపోహ: మామూలు మీటరు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకెను కొలతలోంచి తీసేస్తే చాలు.

ప్రోబు తీగల రెసిస్టెన్స్ పోతుంది, నిజమే. కానీ మొన లోహాన్ని తాకే చోట ఉండే రెసిస్టెన్స్ ఒత్తిడిని బట్టి, మురికిని బట్టి ప్రతిసారీ మారుతుంది. మారేదాన్ని ఒకసారి చూసి తీసేయలేం. నాలుగు తీగల పద్ధతిలో ఒక జత కరెంటు మోస్తుంది, రెండో జత వోల్టేజి మాత్రమే చూస్తుంది. మీటరు లోపల సాధారణంగా 10 మెగాఓమ్‌లు ఉంటాయి కాబట్టి వోల్టేజి తీగల్లో కరెంటు దాదాపు పారదు. అవి సన్నగా ఉన్నా నష్టం లేదు. 1 ఆంపియర్ స్థిరంగా ఇచ్చే పవర్ సప్లై, 200 మిల్లీవోల్టుల రేంజి ఉన్న మల్టీమీటర్ ఉంటే షాపులోనే కొలవొచ్చు: ఒక మిల్లీవోల్టుకు ఒక మిల్లీఓమ్.

అపోహ: నాలుగు క్లిప్పులు ఉంటే ఎక్కడ పట్టించినా ఒకటే.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. వోల్టేజి క్లిప్పును కరెంటు క్లిప్పు మీదే పట్టిస్తే ఆ క్లిప్పు కాంటాక్టు కూడా కొలతలో కలిసిపోతుంది. కరెంటు క్లిప్పులు బయట, వోల్టేజి ప్రోబులు లోపల ఉండాలి. బస్‌బార్‌కు (కరెంటు పంచే రాగి పట్టీకి) బిగించిన లగ్గు చూసేటప్పుడు ఒక ప్రోబు లగ్గు గొట్టం మీద, రెండోది బోల్టుకు దగ్గరగా బార్ రాగి మీద పెట్టండి. బోల్టు తల మీద వద్దు. కరెంటు చాలావరకు లగ్గు, బార్ ఒరుసుకునే ముఖాల గుండా పోతుంది, ఉక్కు బోల్టు గుండా కాదు. క్రింపింగ్ (గొట్టాన్ని నొక్కి తీగను పట్టించడం) ఎలా ఉందో కూడా తెలియాలంటే మొదటి ప్రోబును గొట్టం దాటించి తీగ పోగుల మీదికి జరపండి. అంకె ఎంత పెరిగిందో అందులో ఎక్కువ భాగం క్రింపింగ్‌దే.

కెల్విన్ క్లిప్పులో ఒక దవడకు కరెంటు తీగ, రెండోదానికి వోల్టేజి తీగ ఉంటాయి. చవక రకాల్లో రెండు దవడలు ఇరుసు దగ్గర కలిసిపోయి ఉంటాయి. అప్పుడది రెండు తీగల కొలతే. క్లిప్పు తెరిచి పట్టుకుని దవడల మధ్య కంటిన్యుటీ చూడండి, బజర్ మోగకూడదు.

అపోహ: నాలుగు తీగలతో కొలిస్తే బోరు కేబుల్ రెసిస్టెన్స్ కూడా పోతుంది.

స్టార్టర్ దగ్గర కొలిస్తే పోదు. వోల్టేజి ప్రోబుల మధ్య ఉన్నదంతా కొలతలోకి వస్తుంది. 150 మీటర్ల లోతుకు 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే రెండు కోర్లూ కలిపి సుమారు 1.3 ఓమ్‌లు. ఇది మూడు ఫేజు జతలకూ సమానంగా కలిసి, వైండింగుల మధ్య శాతం తేడాను తగ్గించి చూపుతుంది. ముందు 1.3 తీసేసి, తర్వాత పోల్చండి.

అపోహ: అంకె నిలబడితే కొలత సరైనట్టే.

రెండు వేర్వేరు లోహాలు కలిసే చోట్ల వేడి తేడా ఉంటే మైక్రోవోల్టులు పుడతాయి. అందుకే కరెంటు దిశ మార్చి మళ్లీ కొలవాలి. ఒక దిశలో 0.52, మరో దిశలో 0.44 మిల్లీవోల్టులు వస్తే, 1 ఆంపియర్ దగ్గర అసలు విలువ 0.48 మిల్లీఓమ్‌లు. పెద్ద వైండింగులో అంకె మెల్లగా జరుగుతుంటే కరెంటు స్థిరపడే దాకా ఆగండి. కరెంటు పారుతుండగా క్లిప్పు పీకొద్దు, ఇండక్టెన్స్ (కరెంటు ఆకస్మిక మార్పును అడ్డుకునే చుట్ల గుణం) వల్ల వోల్టేజి ఎగిరి చేతికి కొడుతుంది.

అపోహ: కరెంటు ఎంత పెంచితే అంత మంచిది.

వైండింగ్ వేడెక్కి అంకె పెరుగుతుంది. రేటెడ్ కరెంటులో (మోటారు ప్లేటు మీద రాసిన కరెంటులో) 10 శాతం లోపు ఉంచండి.

అపోహ: చలికాలపు అంకెకు, ఎండాకాలపు అంకెకు తేడా వస్తే వైండింగ్ పోయినట్టే.

రాగికి లెక్క ఇది: పాత అంకె × (234.5 + ఇప్పటి వేడి) ÷ (234.5 + పాత వేడి), వేడి సెల్సియస్ డిగ్రీల్లో. 25 డిగ్రీల దగ్గర 4 ఓమ్‌లు ఉన్న వైండింగ్ 42 డిగ్రీల దగ్గర 4.26 చూపుతుంది. బోరులో ఉన్న మోటారుకు గాలి వేడి కాదు, నీటి వేడి తీసుకోవాలి. ఎండలో చుట్టగా పడి ఉన్న కేబుల్‌కైతే రాగి వేడి గాలి కంటే బాగా ఎక్కువ ఉంటుంది, నీడకు చేర్చి చల్లారాకే కొలవండి.