కలహారి మొక్క, డాలస్ డబ్బా: హూడియాపై అపోహలు – వాస్తవాలు

ఫార్మసీ పిల్లలకు మూలికలను గుర్తుపట్టడం నేర్పడం నా పని. దాంతో చుట్టాల్లో ఎవరు ఏ డబ్బా కొన్నా ముందు నా చేతికే వస్తుంది. మొన్న మా వదినగారు డాలస్ నుంచి తెచ్చుకున్న హూడియా డబ్బా చూపించి, "ఇది వేసుకుంటే ఆకలే వేయదట, నిజమేనా?" అన్నారు. ఒక క్యాప్సూల్ విప్పి తెల్లకాగితం మీద పోశాను. గోధుమరంగు పొడి. అది ఏ మొక్కదో కంటితో చూసి నేనైనా చెప్పలేను.

అపోహ: హూడియా ఒక రకం జెముడు.

ముళ్లు చూసి అలా అనుకుంటారు గానీ, ఇది మన జిల్లేడు కుటుంబంలోది. దక్షిణాఫ్రికా, నమీబియా ఎడారి నేలల్లో పెరుగుతుంది. పువ్వు వెడల్పుగా, మాంసం రంగులో ఉంటుంది. వాసనా కుళ్లిన మాంసానిదే. దానికి ఈగలు వాలతాయి, పరాగసంపర్కం జరిగిపోతుంది. కాయ పగిలితే గింజలు జిల్లేడు గింజల్లాగే దూదితో ఎగిరిపోతాయి.

అపోహ: శాన్ ప్రజలు తరతరాలుగా బరువు తగ్గడానికి దీన్నే తిన్నారు.

శాన్ వాళ్లంటే దక్షిణాఫ్రికా ప్రాంతపు ఆదివాసులు. కలహారి ఎడారిలో వేటకు వెళ్లినప్పుడు వాళ్లు ముళ్లు చెక్కేసి పచ్చి కాడ నమిలేవారు. తిండీ నీళ్లూ దొరకని వేళ ఆకలిదప్పులు ఓర్చుకోవడానికి. అసలు వాళ్లకు తగ్గించుకునేంత బరువెక్కడిది? ఎండబెట్టి పొడి చేసి నెలల తరబడి మింగడం వాళ్ల అలవాటే కాదు.

ఆ పరిజ్ఞానం మీద దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ (మన సీఎస్ఐఆర్ కాదు) 1990ల్లో పేటెంట్ తీసుకుంది, శాన్ వాళ్లను అడగకుండానే. గొడవయ్యాక 2003లో ఒప్పందం కుదిరింది: వచ్చే రాయల్టీలో శాన్ ప్రజలకు 6 శాతం. మందే బయటికి రాకపోతే ఆరు శాతానికి విలువేముంది?

అపోహ: ఫైజర్, యూనిలీవర్ అంతటి కంపెనీలే వెంటపడ్డాయి, పనిచేయకపోతే పడతాయా?

వెంటపడ్డ మాట నిజం, వదిలేసిన మాటా నిజం. ఫైజర్ 2003లో తప్పుకుంది, యూనిలీవర్ 2008లో. ఇందులోని పి57 అనే పదార్థాన్ని ఎలుకల మెదడులోకి నేరుగా ఎక్కిస్తే తిండి బాగా తగ్గింది.  మనం క్యాప్సూల్‌ని మెదడులోకి ఎక్కించుకోం కదా! కడుపులోని ఆమ్లాన్ని పోలిన ద్రవంలో పి57 నిలవదని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. 2011లో ప్రచురితమైన అధ్యయనంలో అధిక బరువున్న 49 మంది మహిళలకు 15 రోజుల పాటు హూడియా సారమో, ఉత్తుత్తి మందో ఇచ్చి చూశారు. తిన్న తిండిలోనూ బరువులోనూ తేడా రాలేదు. హూడియా తీసుకున్నవాళ్లకు మాత్రం బీపీ, నాడి వేగం, రక్తంలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) పెరిగాయి, వికారం, వాంతులూ కనిపించాయి.

"మూలికే కదా, హాని ఉండదు" అనే అపోహకు జవాబు కూడా ఇందులోనే ఉంది. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు దీని జోలికి పోకండి.

అపోహ: డబ్బా మీద హూడియా అని ఉంటే లోపలా హూడియానే.

ఇది చాలా నెమ్మదిగా పెరిగే మొక్క. అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారంపై దేశాల ఒప్పందం) ఆంక్షలున్నాయి. గిరాకీ చూస్తే ఆకాశమంత. అందుకే నాగజెముడు పొడి కలిపిన సరుకు బజారులో తిరిగింది. 2009లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొందరు వ్యాపారుల మీద కేసు కూడా వేసింది.

అపోహ: ఇలాంటి మొక్క మన దగ్గర లేదు.

కుందేటి కొమ్ములు అనే మొక్కలు చూడలేదా? మెట్ట నేలల్లో, రాళ్ల సందుల్లో నాలుగు పలకల కాడలతో లేస్తాయి. హూడియాకు దగ్గరి చుట్టాలు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ రాసుకున్న 'కారల్లం' అనే తెలుగు పేరు నుంచే ఈ ప్రజాతికి కారల్లుమా అని పేరొచ్చింది. బెంగళూరులో 50 మందికి 60 రోజులు దీని సారం ఇస్తే ఆకలి, నడుం కొలత కొంత తగ్గాయి. బరువులో మాత్రం ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు.

వదినగారి డబ్బాలో ఇంకా 59 క్యాప్సూళ్లున్నాయి. మా ల్యాబ్‌కు నమూనాగా ఇమ్మన్నాను. డాలర్లు పోసి కొన్నది కదా, ఆవిడకింకా మనసొప్పడం లేదు.